వాగులో శుభ్రమైన చోటు

శ్రీమన్నారాయణ మాస్టారి నోట ఎప్పుడూ ఒకటే ప్రశ్న. గుంటూరులో ఆయన పనిచేసే కాలేజీలో జువాలజీ చదివిన పిల్లల్ని ఎవర్నైనా నిద్రలేపి అడగండి, ఠక్కున చెబుతారు. ప్రాజెక్టు కాగితాలు పట్టుకుని బల్ల దగ్గరికి ఎవరు వచ్చినా, కూర్చోమనకముందే "దేనితో పోల్చావు?" అనేవాడు.

"చేపలు తగ్గాయి సార్" అంటే "దేనితో పోలిస్తే?" "నత్తలు పెరిగాయి సార్" అంటే "దేనితో పోలిస్తే?" జవాబు లేకపోయిందా, కాగితాలు తిరిగి చేతిలో పెట్టేసేవాడు. మంచి చోటు ఏదో చూపించలేనివాడికి చెడిపోయిన చోటు గురించి మాట్లాడే హక్కు లేదు పొమ్మనేవాడు. కోపం ముక్కు మీదే ఉండేది గానీ మనిషి మంచివాడు. సాయంత్రం మళ్ళీ ఆ పిల్లల్నే క్యాంటీన్‌కి తీసుకెళ్ళి, టీ ఇప్పించి, మొదట్నుంచీ ఓపిగ్గా చెప్పేవాడు.

ఊళ్ళో వాళ్ళు పిలిచినట్టే మనమూ ఆయన్ని నారాయణ అనుకుందాం. పర్చూరుకి అవతల, మిరపా పత్తీ పండే నల్లరేగడిలో ఉన్న ఓ పాలెం వాళ్ళది. ఉద్యోగం వచ్చాక నల్లపాడులో ఇల్లు కట్టుకున్నాడు గానీ మనసంతా ఆ పాలెంలోనే, దాని పక్కన పారే వాగులోనే ఉండేది. ఆదివారమొస్తే బండి తీసేవాడు.

చదువులో ఆయనకి ప్రాణంలాంటి విషయం ఒకటుంది. నీళ్ళలో విషం కలిస్తే అందులో బతికే జీవాలన్నీ కలిపి ఎట్లా మారిపోతాయో లెక్కలతో తేల్చడం. నీళ్ళని అడిగితే నిజం చెప్పవు, ఇవాళ తేటగా ఉంటాయి, రేపు మురికిగా ఉంటాయి, అందులో కాపురముండేవాళ్ళని అడగాలి అనేవాడు. కాపురముండేవాళ్ళంటే నత్తలు, జలగలు, చిట్టిరొయ్యలు, తూనీగ పిల్లలు, బురదలో ఎర్రపురుగులు. విషం తగిలితే సున్నితమైనవి ముందు పోతాయి, మొండివి మిగులుతాయి. ఎర్రపురుగులు మహా మొండివి.

దాన్ని పిల్లలకి చెప్పే తీరు చూడాలి! "పెళ్ళిపందిరి అనుకోండర్రా. వల వేసిన ప్రతి చోటూ కాగితం మీద ఒక చుక్క. ఒకేరకం జీవాలు దొరికిన చోట్లు చుట్టాల్లాగా పక్కపక్కన కూర్చుంటాయి. తేడాగా ఉన్నవి దూరంగా వెళ్ళి కూర్చుంటాయి. ఫ్యాక్టరీకి ఎగువ చుక్కలన్నీ ఒకవైపు, దిగువ చుక్కలన్నీ ఇంకోవైపు కూర్చున్నాయనుకో, అప్పుడు అనుమానించాలి."

"ఊరికే అట్లా కూర్చున్నాయేమో సార్?" అని ఎవరైనా అడిగితే మొహం వెలిగిపోయేది. "అదీ ప్రశ్నంటే! ఎగువ, దిగువ అన్న చీటీలు పేకముక్కల్లా కలిపేసి, గుడ్డిగా మళ్ళీమళ్ళీ పంచి చూడు. గుడ్డిగా పంచినా అంత ఎడం మాటిమాటికీ వస్తుంటే నమ్మకు. ఎప్పుడో గానీ రాకపోతే నమ్ము."

ఇంత తెలిసిన మనిషి తప్పెక్కడ చేశాడంటారా? అక్కడికే వస్తున్నా.

ఆరేడేళ్ళ కిందట పాలేనికి దిగువన నూలుకి రంగులద్దే ఫ్యాక్టరీ ఒకటి వెలిసింది. చీరాల వైపు మగ్గాలకి నూలు కావాలిగా, పని బాగానే సాగింది. ఇంకా దిగువన, వాగు మలుపులో పది పదిహేను గుడిసెలవాళ్ళు చేపలు పట్టుకుని బతికేవాళ్ళు. వాళ్ళలో బుల్లయ్య అనేవాడు నోరున్నవాడు. ఫ్యాక్టరీ వచ్చినాక జెల్లలు పోయాయి, మట్టగిడసలు పోయాయి, వల ఖాళీగా వస్తోందని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. అతను పోరగా పోరగా, ఎవరన్నా చదువుకున్నాయన చేత పరీక్ష చేయించండి అని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ చదువుకున్నాయన ఎవరో చెప్పాలా? నారాయణ తనంతట తానే ముందుకొచ్చాడు. మా వాగు కదా, నేను కాక ఎవరు చేస్తారు అన్నాడు.

దిగువ చోటు ఫ్యాక్టరీ రంగునీళ్ళు వదిలే గొట్టం కింద. అందులో తర్జనభర్జన లేదు. మరి పోల్చడానికి శుభ్రమైన చోటు కావాలి. నారాయణ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పాలెం రేవు అన్నాడు.

పాలెంలో మిరపకీ పత్తికీ మందు కొట్టిన మగవాడు ఎవడూ నేరుగా ఇంటికి పోడు. మందు వాసనతో గడప తొక్కనివ్వరు. రేవులో దిగి, వీపుకి తగిలించుకుని మందు కొట్టే ట్యాంకు కడిగి, బట్టలు జాడించుకుని, తలారా స్నానం చేసి అప్పుడు పోతాడు. ట్యాంకు కడగడం మరీ ముఖ్యం. పత్తిచేలో గడ్డిమందు కొట్టిన ట్యాంకుని సరిగ్గా కడక్కుండా మిరపకి వాడితే తోట మాడిపోతుంది. ఇంటి దగ్గర కడిగితే గొడ్లు తాగే తొట్లో పడుతుందని భయం. అందుకని అందరూ రేవులోనే. నారాయణకి ట్యాంకు కడగడం నేర్పింది వాళ్ళ నాన్న, అక్కడే. ఒళ్ళంతా మంటెత్తి, కళ్ళు మండుతూ రేవులో దిగి, ఒక్క మునక మునిగి లేస్తే ప్రాణం లేచొచ్చేది. శుభ్రం అన్న మాట తలుచుకుంటే ఆయన మనసులో కదిలేది ఆ రేవే. మురికి వదిలే చోటది. వదిలిన మురికి ఎక్కడికి పోతుందన్న ఆలోచన ఆ మహానుభావుడికి ఎన్నడూ రాలేదు!

వల, తెల్ల ట్రే, సీసాలు పట్టుకుని రేవులో దిగిన రోజున పెదనాన్న కొడుకు బాపయ్య అక్కడే ఉన్నాడు. ఇద్దరూ కలిసి పెరిగినవాళ్ళు. బాపయ్య మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ట్యాంకు మూత తీస్తున్నాడు.

"ఏరా నారాయణా, ఇంత చదువూ చదివి బురదలో ఏం దేవుతున్నావురా?"

"పురుగుల్ని లెక్కపెట్టాలన్నయ్యా."

"ఓరి నీ పురుగులు బంగారం గానూ! పురుగులు కావాలంటే మా చేలోకి రాకపోయావా? చంపలేక చస్తున్నాం."

నారాయణ పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే అన్నాడు: "అన్నయ్యా, ట్యాంకు కడగడం కాస్త ఆపవా? నేను శాంపిల్ తీసుకునేదాకా."

బాపయ్య మూత మళ్ళీ బిగించాడు. ట్యాంకు వీపుకి తగిలించుకునే గట్టెక్కి నిలబడ్డాడు. అంతటితో ఊరుకోలేదు, వెనకాల వస్తున్న ఇద్దరు ముగ్గుర్ని కూడా కేకేసి ఆపాడు. "ఒరేయ్, ఆగండ్రా! మనవాడు గవర్నమెంటు పరీక్ష చేస్తున్నాడు. నీళ్ళలో దిగారంటే కాళ్ళిరగ్గొడతా." ఎండలో, మందు తడిసిన చొక్కాలతో అందరూ గట్టు మీద నిలబడ్డారు. నారాయణకి ఎంత గర్వంగా అనిపించిందో! ఊరంతా తన పనికి సాయం చేస్తోందనుకున్నాడు. చెప్పులు విప్పి గుళ్ళోకి వెళ్ళినవాడిలా జాగ్రత్తగా నీళ్ళలో దిగాడు.

ఏళ్ళ తరబడి ఆ బురదలో దిగిన మందు, పది నిమిషాలు కడగడం ఆపితే పోతుందా చెప్పండి? క్లాసులో ఏ కుర్రాడైనా పోతుందని అంటే ఆయన కాగితాలు మొహాన కొట్టి ఉండేవాడు.

ఆ ఏడాదంతా తిరిగాడు. ఎండలో, వానలో, వాగు పొంగినప్పుడు కూడా మానలేదు. వలలో పడ్డ ప్రతిదాన్నీ వేరుచేసి లెక్కపెట్టాడు. చివరికి చుక్కలు పెట్టి చూస్తే ఎగువవీ దిగువవీ ఒకే గుంపులో కలిసి కూర్చున్నాయి. రెండుచోట్లా ఎర్రపురుగులే. చీటీలు కలిపి పంచి చూశాడు. గుడ్డిగా పంచినా అంతపాటి తేడా వస్తూనే ఉంది. మళ్ళీ చేశాడు. లెక్కలో తప్పు లేదు. ఆయనకీ మనసులో కొంచెం తొలిచింది గానీ, లెక్కకి ఎదురుచెప్పే అలవాటు లేని మనిషి. ఫ్యాక్టరీ నీళ్ళ వల్ల జీవాల్లో చెప్పుకోదగ్గ మార్పు ఏమీ కనబడలేదని రాసి సంతకం పెట్టాడు.

బుల్లయ్య కాలేజీకి వచ్చాడు. స్టాఫ్ రూమ్ గుమ్మం బయటే నిలబడ్డాడు.

"సారూ, ఏమీ కాలేదని రాశారంటగదండీ."

"ఏమీ కాలేదని కాదు బుల్లయ్యా. ఎగువకీ దిగువకీ తేడా లేదని."

"నేను రోజూ వలేస్తానండీ. నా కళ్ళతో చూశానండీ."

నారాయణ అతని భుజం మీద చెయ్యేసి మెత్తగానే చెప్పాడు. "కళ్ళు మోసం చేస్తాయి బుల్లయ్యా. ఏదన్నా కొత్తగా వస్తే, జరిగిన ప్రతిదానికీ అదే కారణమనిపిస్తుంది. లెక్క అట్లా చెప్పడంలేదు మరి."

బుల్లయ్య సరేనండీ అని వెళ్ళిపోయాడు. నారాయణ ఆ మాటని తర్వాత క్లాసులో కూడా ఉదాహరణగా చెప్పాడు. కంటితో చూసిందానికీ లెక్కతో తేల్చిందానికీ తేడా చూడండర్రా అని. పిల్లలు రాసుకున్నారు.

కిందటేడు అఖిల అనే అమ్మాయి ఆయన దగ్గర ప్రాజెక్టులో చేరింది. మంగళగిరి నేతగాళ్ళ పిల్ల. మాట నెమ్మది, పని శుభ్రం. సార్ చేసిన వాగు మీదే చేస్తానంది. ఆ పాలెం ఆమెకేమీ చుట్టాల ఊరు కాదు, ఆ రేవులో ఆమె ఎన్నడూ మునిగి లేవలేదు. సార్ నేర్పినట్టే మ్యాపు ముందు పెట్టుకుని చోట్లు ఎంచుకుంది. ఎగువ, దిగువలతో పాటు పక్కనున్న ఇంకో వాగుని కూడా కలుపుకుంది. అదీ నల్లరేగడే, అంతే వెడల్పు. కాకపోతే దాని ఒడ్డున పొలాలు లేవు, గొర్రెలు మేసే బీడుంది. మందు కొట్టేవాళ్ళే లేరు.

పని పూర్తయ్యాక కాగితం తెచ్చి సంతోషంగా బల్ల మీద పరిచింది. "చూడండి సార్, ఎంత చక్కగా విడిపోయాయో!"

నిజంగానే విడిపోయాయి. బీడు పక్కనున్న వాగు చుక్కలన్నీ ఒక మూలకి వెళ్ళి కూర్చున్నాయి. ఇవతల మూలన గుంపుగా రెండు రకాల చుక్కలు, విడదీయడానికి వీల్లేకుండా. ఒకటి ఫ్యాక్టరీ దిగువది. రెండోది పాలెం రేవు.

నారాయణకి ముందు కోపమే వచ్చింది. "దేనితో పోల్చావసలు? అదెక్కడి వాగో, ఇదెక్కడి వాగో!"

"నేలా ఒకటే, నీళ్ళ లోతూ ఒకటే సార్. అందుకే తీసుకున్నాను." అమ్మాయి బెదరలేదు. ఆయన నేర్పిన పాఠమేగా చెబుతోంది. "అక్కడ తూనీగ పిల్లలే ఐదారు రకాలున్నాయి సార్. రేవులో ఒక్కటీ దొరకలేదు. నేను వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు ట్యాంకులు కడుగుతూనే ఉన్నారు. అదీ పాడైపోయిన చోటే కదా సార్?"

ఆ చివరి మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, కసురుకునే వీలన్నా ఉండేది. నారాయణ కళ్ళముందు బాపయ్య కదిలాడు. ట్యాంకు వీపున పెట్టుకుని గట్టు మీద ఎండలో నిలబడ్డ బాపయ్య. తానే పాడైన చోటుని తెచ్చి పాడైన చోటుతో పోల్చి, రెండూ ఒకటేనని సంతకం పెట్టాడు. "బాగా చేశావమ్మా" అన్నాడు చివరికి. అఖిల వెళ్ళాక తలుపు దగ్గరగా వేసుకుని ఒక్కడే కూర్చున్నాడు. తల కొట్టేసినట్టయింది. కళ్ళు మోసం చేస్తాయని బుల్లయ్యతో అన్న మాట ఇప్పుడు తన చెవుల్లోనే మోగసాగింది.

అప్పటికే ఫ్యాక్టరీవాళ్ళు ఇంకో పెద్ద షెడ్డు వేస్తామని అర్జీ పెట్టుకున్నారు. జనం అభిప్రాయం అడగడానికి పాలెం బడి ఆవరణలో షామియానా వేశారు. ఫ్యాక్టరీ తరఫు కాగితాల్లో అన్నిటికన్నా పైన నారాయణ రిపోర్టే ఉంది. ఆ షెడ్డు పడితే దిగువ మలుపులో మిగిలిన నాలుగు గుడిసెలు కూడా లేచిపోతాయి. అది తెలిసే నారాయణ వెళ్ళాడు. మైకు అడిగి తీసుకున్నాడు.

"ఆ రిపోర్టు తప్పండీ" అన్నాడు. జనం గుసగుసలాడారు. ముందు వరసలో బాపయ్య ఉన్నాడు, తమ్ముడు మాట్లాడుతున్నాడని నిటారుగా కూర్చున్నాడు. నారాయణ వివరంగా చెప్పాడు. పోల్చడానికి తాను ఎంచుకున్న చోటే సరైంది కాదని, రేవు కూడా ఏళ్ళుగా మందుతో చెడిపోయి ఉందని, అందుకే ఫ్యాక్టరీ తేడా అందులో కలిసిపోయి కనబడలేదని.

ఫ్యాక్టరీ మేనేజరు జయపాల్ మర్యాదగా లేచాడు. "మాస్టారికి నమస్కారమండీ. ఇన్నాళ్ళకి నిజం చెప్పారు. వాగు పాడుచేసింది ఎగువన రైతులే తప్ప మేం కాదని వారి నోటితోనే వచ్చింది. ఇది కూడా రాసుకోమని కోరుతున్నానండీ."

షామియానా కింద గోల లేచింది. "ఏందయ్యా ఇది! మా మీదకి తెస్తావా? మందు కొట్టకపోతే మిరపకాయ నీ కూరలోకి వస్తుందా?"   బాపయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

సభ నడుపుతున్న అధికారి మంచాయనే, అర్థం చేసుకుందామనే చూశాడు. "సార్, రెండు విషాలూ ఒకే వాగులో కలిశాయంటున్నారు. అందులో ఫ్యాక్టరీ వాటా ఎంతో విడదీసి చెప్పగలరా?"

"ఫ్యాక్టరీ రాకముందు దిగువన జీవాలెట్లా ఉండేవో తెలిస్తే చెప్పొచ్చండీ."

"ఆ లెక్కుందా మీ దగ్గర?"

లేదు. అంతకుముందు ఎన్ని ఆదివారాలు ఆ వాగు గట్టు మీద బండి ఆపి, ఊరికే నీళ్ళు చూస్తూ కూర్చున్నాడు! వల బండిలోనే ఉండేది. మన వాగుకేమవుతుందిలే అనుకున్నాడు. నారాయణ మైకు కింద పెట్టేశాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకి షెడ్డుకి అనుమతి వచ్చిందని పేపర్లో చిన్న వార్త పడింది.

ఆ రోజు సభ అయ్యాక బడి గోడ పక్కన బుల్లయ్య కనిపించాడు. చేపల పని వదిలేసి చాలాకాలమైంది, గుంటూరులో మిరపకాయల గోదాములో బస్తాలు మోస్తున్నాడు. సభ ఉందంటే వచ్చాడట. నారాయణ ఎదురుగా నిలబడి "నువ్వు చెప్పిందే నిజం బుల్లయ్యా, నేనే తప్పు చేశాను" అన్నాడు. 

బుల్లయ్య కోప్పడలేదు. కోప్పడితే నారాయణకి కాస్త తేలికయ్యేది.

"ఫ్యాక్టరీవోళ్ళ సంగతి అట్లా ఉంచండి సారూ. ఆ కాగితం వచ్చినాక మావోళ్ళే నన్ను నమ్మలేదండి. వాగు బాగానే ఉందంట, నీకే వలెయ్యడం చాతకావట్లేదన్నారు. మా ఆడది కూడా అంది. అనగా అనగా నాకూ అదే అనిపించింది. నిజంగా నాకే చాతకావట్లేదేమో అనుకుని వల అమ్మేశానండి." ఆగి, దగ్గాడు. మిరప ఘాటు గొంతులో ఉండిపోయినట్టుంది. "ఇవాళ మీరు చెప్పారుగా. అంతేలెండి. బస్సుకి టైమైంది, వస్తానండి."

 నీ కళ్ళని నువ్వు నమ్ముకోకు అని ఒక మనిషికి నేర్పిన పాపం ఏ లెక్కతో కడుక్కోవాలో నారాయణకి తెలియలేదు.

కొత్త షెడ్డు గొట్టం ఇంకా తెరవలేదు. తెరవకముందే లెక్క తీసిపెట్టాలి, ఈసారైనా ముందు ఏముందో ఒకచోట ఉండాలి అనుకున్నాడు నారాయణ. అఖిల చూపించిన బీడు పక్క వాగులో తీశాడు, ఫ్యాక్టరీ దిగువన తీశాడు. చివరికి రేవుకి రాక తప్పలేదు. సభ తర్వాత పాలెంలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. అరుగుల మీద వాళ్ళెవరూ పలకరించలేదు.

రేవులో బాపయ్య ఉన్నాడు. మోకాలి లోతు నీళ్ళలో, ట్యాంకు మూత తీసి. నారాయణని చూశాడు, చేతిలో వల చూశాడు. మొహం అటు తిప్పుకున్నాడు. కానీ చేతులు ఊరుకోలేదు. మూత మళ్ళీ బిగించి, ట్యాంకు వీపుకెత్తుకుని, మాట్లాడకుండా గట్టెక్కి నిలబడ్డాడు. చొక్కా మందుతో తడిసి ఒంటికి అతుక్కుపోయింది. మెడ మీద ఎర్రగా కందిపోయింది.

నారాయణ ప్యాంటు మడుచుకుని నీళ్ళలో దిగాడు.

"వద్దన్నయ్యా. ఆగొద్దు. రోజూ కడిగినట్టే కడుగు. నువ్వు కడుగుతుండగానే తీసుకోవాలి."

 బాపయ్య తమ్ముడి వంక చూసి, నెమ్మదిగా నీళ్ళలోకి దిగాడు. ట్యాంకు దించి మూత తీశాడు. అడుగున మిగిలిన మందు తెల్లగా, పాలలాగా నీళ్ళలోకి జారి, ఇద్దరి కాళ్ళ మధ్యనుంచి దిగువకి సాగిపోయింది.

"అప్పుడు ఆగమన్నావు, ఆగాను. ఇప్పుడు కడగమన్నావు, కడుగుతున్నా" అన్నాడు బాపయ్య, తల ఎత్తకుండానే. "ఇందులో విషముందిరా అన్నయ్యా అని ఒక్కసారన్నా చెప్పావంట్రా నాకు? ఇన్నేళ్ళూ ఇందులోనే మునుగుతున్నాను గదరా."

 చేతిలో ఉన్న వలని నారాయణ నీళ్ళలోకి దించలేకపోయాడు.